లొకేషన్ ఆన్ పెట్టాలా, ఆఫ్ పెట్టాలా? ముందు ఎవరికి, ఎంతసేపు అని అడుగుదాం

 

పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది. మెట్రోలో సీటు దొరికినప్పుడు తీరిగ్గా చదవండి.

మన పిల్లల్లో ఫోన్ లొకేషన్ గురించి రెండు మాటలు వినిపిస్తున్నయి. ఒకటి: "సిటీలో ఉంటున్నరు, కాలం బాగలేదు, ముఖ్యంగా ఆడపిల్లలు లైవ్ లొకేషన్ పొద్దంతా ఆన్‌లో పెట్టి ఇంటికి పంపాలె." రెండోది: "లొకేషన్ పెడితే బ్యాటరీ ఖతం, డేటా అంతా గుంజుకుంటరు, మొత్తానికే బంద్ చెయ్యండి." దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ రూముల్లో ఉండి కోచింగ్‌కు పోయే మేము కొందరం కూర్చుని దీని గురించి మాట్లాడుకున్నం. మాకు అర్థమైంది ఏమిటంటే, రెండూ సగం సగం మాటలే. లొకేషన్ అనేది రూము తాళంచెవి లాంటిది. అది ఎవరి చేతికి ఇస్తున్నం, ఎంతసేపటికి ఇస్తున్నం అన్నదే అసలు లెక్క.

ముందు ఫోన్‌కు మనం ఎక్కడున్నమో ఎట్ల తెలుస్తదో చూద్దాం. మూడు దారులున్నయి. మొదటిది జీపీఎస్. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహాల సిగ్నల్‌ను ఫోన్ అందుకుంటది. దీనికి ఇంటర్నెట్ అవసరం లేదు. పైన ఆకాశం ఖాళీగా ఉంటే ఐదు మీటర్ల అటు ఇటుగా చూపిస్తది. రెండోది చుట్టుపక్కల ఉన్న వైఫై, బ్లూటూత్. మూడోది సెల్ టవర్. టవర్ ఒక్కటే ఆధారమైతే సిటీలో కొన్ని వందల మీటర్లు, మన తండాల దగ్గర కిలోమీటర్ల తేడా కూడా రావచ్చు.

దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో నాలుగైదు అంతస్తుల హాస్టళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటయి. మెయిన్ రోడ్డు మీద మెట్రో లైను. సిగ్నల్ గోడలకు తగిలి తిరిగి వస్తది. అందుకే బైక్ బుక్ చేస్తే కెప్టెన్ పక్క సందులో నిలబడి ఫోన్ చేస్తడు. ఎల్బీనగర్ చౌరస్తాలో ఫ్లైఓవర్ మీద ఉన్నమా, కింద ఉన్నమా అన్నది కూడా మ్యాప్‌కు ఒక్కోసారి తెలవదు. ఇట్లాంటి చోట ఆండ్రాయిడ్ ఫోన్లో 'గూగుల్ లొకేషన్ యాక్యురసీ' అనే స్విచ్ పనికొస్తది. అది ఆన్ ఉంటే జీపీఎస్‌కు తోడు వైఫై, టవర్ల సాయం కూడా తీసుకుంటది. కానీ దానికి బదులుగా మన చుట్టూ ఏ వైఫైలు, ఏ టవర్లు ఉన్నయో గూగుల్‌కు అప్పుడప్పుడు పోతుంటది. అడ్రసు దొరకని సందులో ఉన్నప్పుడు పెట్టుకోండి, పని అయినంక తీసేయండి. ఊర్లో పొలం దగ్గర, పైన ఆకాశం ఖాళీగా ఉన్న చోట, అది లేకున్నా నడుస్తది.

ఇగ బ్యాటరీ సంగతి. లొకేషన్ ఆన్‌లో ఉన్నంత మాత్రాన బ్యాటరీ కారిపోదు. ఏ యాప్ అడగకపోతే అయ్యే ఖర్చు చాలా తక్కువ. తినేది ఏంటంటే, వెనక నుంచి మాటిమాటికీ "ఎక్కడున్నవ్" అని అడిగే యాప్‌లు. ఇంకోటి, స్క్రీన్ వెలిగించి మ్యాప్ నడపడం. సిగ్నల్ సరిగా లేని చోట టవర్ కోసం వెతుక్కుంటూ కూడా ఫోన్ బ్యాటరీ తింటది. సెలవుల్లో తండాకు పోయినప్పుడు చార్జింగ్ తొందరగా దిగడానికి ఇదొక కారణం. సెట్టింగ్స్‌లో లొకేషన్ తెరిస్తే ఈ మధ్య ఏ యాప్‌లు లొకేషన్ చూసినయో కనిపిస్తది. ఒకసారి చూడండి. అక్కడ మ్యాప్ యాప్ ఉంటే అర్థముంది. ఫొటోలు ఎడిట్ చేసే యాప్, లూడో ఆట ఎందుకున్నట్టు?

అందుకే యాప్ యాప్‌కు వేరుగా చూడాలె. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి 'యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే' అనే ఎంపిక ఉంది. ఆండ్రాయిడ్ 11లో 'ఈ ఒక్కసారికే' అన్నది వచ్చింది. ఆండ్రాయిడ్ 12లో 'ప్రిసైజ్', 'అప్రాక్సిమేట్' అని విడదీసిన్రు. అప్రాక్సిమేట్ ఇస్తే సుమారు మూడు చదరపు కిలోమీటర్ల ప్రాంతం వరకే యాప్‌కు తెలుస్తది. అంటే దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి చుట్టుపక్కల ఎక్కడో ఉన్నడు అనే వరకే. ఐఫోన్ ఉన్నవాళ్లకు కూడా 2020 నుంచి ఇట్లాంటి స్విచ్ ఉంది. వాతావరణం చూసే యాప్‌కు, ఉద్యోగాలు వెతికే యాప్‌కు అంత చాలు. మ్యాప్‌కు, బైక్ టాక్సీకి ప్రిసైజ్ ఇవ్వండి, వాడుతున్నప్పుడు మాత్రమే. కరెంట్ అఫైర్స్ యాప్‌కు, మాక్ టెస్టుల యాప్‌కు అసలు ఇయ్యొద్దు. గ్రూప్-2 బిట్లు చదవడానికి మనం ఏ సందులో ఉన్నమో వాళ్లకెందుకు?

రూము కిరాయి కోసం సాయంత్రం డెలివరీ చేసే తమ్ముళ్లకు ఇంకో మాట. డ్యూటీలో ఉన్నంతసేపు కంపెనీ యాప్‌కు లొకేషన్ ఇవ్వక తప్పదు, ఆర్డరే దాని మీద వస్తది. కానీ డ్యూటీ అయిపోయినంక ఆ పర్మిషన్ వెనక్కి తీసుకోండి. రేపు లాగిన్ అయ్యేటప్పుడు మళ్లీ ఇవ్వొచ్చు. మీరు అమ్మింది నాలుగు గంటల పని, ఇరవై నాలుగు గంటల జాడ కాదు.

లోన్ యాప్‌ల గురించి వేరే చెప్పాలె. 2020 చివర్లో మన తెలంగాణలోనే వాటి వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నరు. ఆ తర్వాత 2022 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంకు నిబంధనలు పెట్టింది. అప్పు ఇచ్చే యాప్ మన కాంటాక్టులు, కాల్ లాగ్‌లు, ఫోన్‌లోని ఫైళ్లు ముట్టొద్దు. లొకేషన్, కెమెరా లాంటివి కేవైసీ కోసం అవసరమైతే, మన సమ్మతితో, ఒక్కసారి మాత్రమే తీసుకోవాలె. ఎప్పుడూ లొకేషన్ కావాలని అడిగే లోన్ యాప్ కనిపిస్తే, వడ్డీ ఎంతో కూడా చూడకుండ డిలీట్ చెయ్యండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నం. ఇంటికి పంపే లైవ్ లొకేషన్.

ఇంట్లోవాళ్ల భయం ఉత్త భయం కాదు. దేవరకొండ తండా నుంచో, ఇల్లెందు గూడెం నుంచో మొదటిసారి ఆడపిల్లను ఇంత పెద్ద సిటీకి పంపుతున్నరు. క్లాసు అయ్యేసరికి చీకటి పడుతది. హాస్టల్ దాకా సందుల్లో నడవాలె. భయపడే హక్కు వాళ్లకుంది. కానీ ఒక్కటి గమనించండి. చాలామంది ఇండ్లల్లో యాడి చేతిలో ఉన్నది కీప్యాడ్ ఫోన్. లైవ్ లొకేషన్ చూసేది యాడి కాదు. స్మార్ట్ ఫోన్ ఉన్న అన్ననో, బావనో, పాలోళ్లలో ఒకరో చూస్తరు. భయం అమ్మది, కాపలా ఇంకొకరిది. ఆ కాపలా ఎట్ల ఉంటది? "కొత్తపేటల దిగినవ్ ఎందుకు? సరూర్‌నగర్ చెరువు కాడ అర్ధగంట ఉన్నవ్, ఎవరితోని?" తోటి పిల్లతో కలిసి జిరాక్స్‌కు పోయినా జవాబు చెప్పుకోవాలె. రెండుసార్లు జవాబు నచ్చకపోతే "చదువు చాలు, ఇంటికి రా" అన్న మాట వస్తది. మన తండాల్లో ఒక ఆడపిల్ల సిటీ దాకా వచ్చి చదవడం ఎంత కష్టమో మనకు తెలుసు. అది ఫోన్‌లో ఒక నీలం చుక్క వల్ల ఆగిపోవద్దు.

పైగా ఆ చుక్కను అంతగా నమ్మడానికి లేదు. కొన్ని ఫోన్లలో బ్యాటరీ సేవర్ పెడితే స్క్రీన్ ఆరగానే లొకేషన్ ఆగిపోతది. నెట్ పోయినా అంతే. పిల్ల క్షేమంగా బస్సులో కూర్చుని ఉంటది, చుక్క మాత్రం ఎల్బీనగర్‌లోనే నిలబడి ఉంటది. ఊర్లో అందరూ పరేషాన్. అదే చుక్క కదులుతున్నంత మాత్రాన పిల్ల క్షేమంగా ఉందని కూడా కాదు, ఫోన్ కదులుతున్నది అంతే.

అట్లని ఏమీ పంపొద్దని మేము అనడం లేదు. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్‌కు 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని మూడు ఎంపికలున్నయి. రాత్రి ఆటోలో వస్తున్నవా, గంట పెట్టు. ఎవరికి పంపాలో నువ్వే ఎంచుకో. నల్లగొండల ఉన్న అన్న కన్నా పక్క రూములో ఉన్న దోస్తు ఐదు నిమిషాల్లో రాగలదు. రూముకు చేరినంక ఆపేసి, యాడికి ఒక్క ఫోన్ చెయ్యి. ఆమెకు కావల్సింది నీ గొంతు. ఊరి ప్రయాణమైతే ఆర్టీసీ వాళ్లు 2023 ఆగస్టులో తెచ్చిన 'గమ్యం' యాప్ ఉంది. అన్ని బస్సులూ అందులో దొరకవు గానీ, దొరికినవాటికి బస్సు ఎక్కడుందో చూసుకోవచ్చు. బస్సును చూస్తే సరిపోయే చోట పిల్లను చూడడం ఎందుకు? పోలీసులు 2024 మార్చిలో మొదలుపెట్టిన 'టీ-సేఫ్' సేవ మామూలు ఫోన్‌కు కూడా పని చేసేటట్టు పెట్టిన్రు. 100కు చేసి 8 నొక్కితే చాలు అని అప్పుడే చెప్పిన్రు.

మంచివాళ్ల దగ్గర ఉన్న సమాచారం కూడా ఎప్పుడూ భద్రం కాదు. 2024 జూన్‌లో తెలంగాణ పోలీసుల 'హాక్ ఐ' యాప్‌లోని జనం వివరాలు బయటకు పోయినయి. వాటిని అమ్మకానికి పెట్టినందుకు వేరే రాష్ట్రం కుర్రాణ్ని పట్టుకున్నరు కూడా. భద్రత కోసం ఇచ్చిన సమాచారమే అది. పోలీసు యాప్‌కే ఈ గతి పడితే, చుట్టాల గ్రూపులో 8 గంటలు తిరిగే మన జాడ సంగతి ఏంది? తక్కువ ఇస్తే తక్కువే పోతది.

హక్కు సంగతి కూడా చెప్పుకుందాం, మనలో పోటీ పరీక్షలకు చదివేవాళ్లే ఎక్కువ కదా. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీల బెంచ్ గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పింది. 2024 జూలై 8న ఇంకో తీర్పు వచ్చింది. డ్రగ్స్ కేసులో ఉన్న ఒక విదేశీయుడికి బెయిల్ ఇస్తూ, గూగుల్ మ్యాప్స్‌లో పిన్ పెట్టి దర్యాప్తు అధికారికి కనిపించేలా ఉండాలని షరతు పెట్టిన్రు. సుప్రీంకోర్టు ఆ షరతును కొట్టేసింది. బెయిల్ మీద ఉన్న మనిషి ప్రతి కదలికనూ పోలీసులు చూస్తూ ఉండేలా షరతు పెట్టడం ఆర్టికల్ 21కు విరుద్ధమని చెప్పింది. ఆ బెంచ్‌లో ఒకరు మన హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన జస్టిస్ ఉజ్జల్ భూయాన్. కేసులో నిందితుడికి ఉన్న స్వేచ్ఛ, ఏ తప్పూ చెయ్యకుండ డీఎస్సీకి చదువుకుంటున్న మన చెల్లెకు ఉండదా?

లొకేషన్ అంటేనే భయపడే దోస్తులకూ ఒక మాట. ఆఫ్ చేస్తే పూర్తిగా మాయమైపోరు. సిమ్ ఉన్నంతసేపు ఏ టవర్ కింద ఉన్నమో కంపెనీకి తెలుస్తనే ఉంటది. ఇంకొకటి, ఖచ్చితమైన లొకేషన్ మనకే ఆయుధమయ్యే చోట్లు కూడా ఉన్నయి. పోడు భూమి హద్దులు కొలిచేటప్పుడు ఆ ఐదు మీటర్ల తేడా మన చేను గట్టు మీద పడుతది. చదువుకున్న మనం పక్కన నిలబడి, ప్రతి మూల దగ్గర సొంతంగా కూడా రీడింగ్ రాసి పెట్టుకోవాలె. మిషన్ చెప్పిందే వేదం కాదని కూడా గుర్తుంచుకోండి. ఉపగ్రహ చిత్రాలు మిగతా ఆధారాలకు తోడు మాత్రమే, వాటి బదులు కాదని అటవీ హక్కుల నిబంధనల్లో 2012 నుంచే ఉంది. అక్కడ మనం కావాలని ఇస్తున్నం, మన పని కోసం ఇస్తున్నం. తేడా అదే.

చివరగా మేము అడిగేది నాలుగు ముచ్చట్లు.

ఒకటి, ఈ ఆదివారం పది నిమిషాలు పెట్టి ప్రతి యాప్ లొకేషన్ పర్మిషన్ చూసుకోండి. 'ఎప్పుడూ' అని ఉన్నవాటిని మార్చండి.

రెండు, గూగుల్ అకౌంట్‌లో టైమ్‌లైన్‌తో పాటు 'వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ' కూడా చూడండి. ఒకటి ఆపినా రెండోదాంట్లో లొకేషన్ జమ అయితున్నదని 2018లో బయటపడింది. 2022లో అమెరికాలో 40 రాష్ట్రాలకు గూగుల్ 39 కోట్ల డాలర్లకు పైగా కట్టడానికి ఒప్పుకుంది.

మూడు, ఊర్ల నుంచి కొత్తగా వచ్చే పిల్లలకు రూము చూపించిన రోజే ఇవి కూడా నేర్పండి.

నాలుగు, ఇది అన్నలకు, తమ్ముళ్లకు. చెల్లె లొకేషన్ అడిగే ముందు మీ లొకేషన్ ఆమెకు పంపండి. మీకు ఎన్ని గంటలు బరువు అనిపిస్తదో, ఆమెను కూడా అంతకు మించి అడగొద్దు.

ఒప్పుకోనివాళ్లు కింద రాయండి, మాట్లాడుకుందాం. ముఖ్యంగా అక్కలు, చెల్లెళ్లు రాయాలె. ఈ విషయంలో మా మాట కన్నా మీ మాటకే బరువెక్కువ.

జై సేవాలాల్. జై కొమురం భీం. జోహార్.