ఒంట్లోనే తయారయ్యే రక్షణ: పథ్యాలు, సీసాలు, చుట్టలు

ప్రతి కణమూ ఆక్సిజన్ సాయంతో ఆహారం నుంచి శక్తి తీసుకుంటుంది. ఆ పనిలో ఆక్సిజన్ దాదాపుగా అంతా నీరుగా మారిపోతుంది. కొద్దిపాటి మాత్రం మధ్యలో ఆగిపోయి సూపరాక్సైడ్ అనే దుడుకు రూపంలో మిగులుతుంది. దాన్ని అలా వదిలేస్తే కణత్వచాల్లోని కొవ్వునూ ప్రోటీన్లనూ డీఎన్ఏనూ దెబ్బతీస్తుంది. వదలకుండా చూసే ఏర్పాటు కూడా కణంలోనే ఉంది. సూపరాక్సైడ్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మార్చే ఎంజైమును 1969లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జో మెకార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్ కనుగొన్నారు. దాని పేరు సూపరాక్సైడ్ డిస్మ్యూటేజ్. ఆ పెరాక్సైడ్‌ను నీరుగా, ఆక్సిజన్‌గా విడగొట్టేది కాటలేజ్ అనే మరో ఎంజైము.

కాటలేజ్ పనిని కంటితో చూడవచ్చు. మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ నాలుగు చుక్కలు పచ్చి బంగాళాదుంప ముక్క మీద వేస్తే బుసబుసమని తెల్లటి నురగ లేస్తుంది. బాగా ఉడికిన ముక్క మీద వేస్తే నురగ రాదు. వేడికి ఎంజైము చెడిపోయింది కాబట్టి. దోక్కుపోయిన మోకాలి మీద ఈ మందు పోసినప్పుడు పొంగేదీ ఈ నురగే. పిల్లవాడికి ధైర్యం చెప్పడానికి “పురుగులు చస్తున్నాయిలే” అంటారు గానీ, పొంగిస్తున్నది ప్రధానంగా ఆ పిల్లవాడి నెత్తుట్లో, దెబ్బతిన్న కణాల్లో ఉన్న కాటలేజే.

ఇలాంటి దుడుకు అణువులను అణిచే పదార్థాలను యాంటీ ఆక్సిడెంట్లు అంటారు. కణంలోనే తయారయ్యే అలాంటి మరో రక్షణ గ్లూటాథయోన్. గ్లూటామేట్, సిస్టీన్, గ్లైసీన్ అనే మూడు అమైనో ఆమ్లాలను కలిపి కణాలు దీన్ని స్వయంగా తయారుచేసుకుంటాయి. అందరికంటే పెద్ద తయారీదారు కాలేయం. వాడుకలో ఇది ఆక్సీకరణ చెందుతుంది, గ్లూటాథయోన్ రిడక్టేజ్ అనే ఎంజైము దాన్ని మళ్ళీ పనికొచ్చే రూపానికి తెస్తుంది. పారాసిటమాల్ మోతాదు మించి మింగినవారికి కాలేయం దెబ్బతినేది ఈ నిల్వ అయిపోవడం వల్లే. మందు విరిగినప్పుడు పుట్టే విషపదార్థాన్ని పట్టి బంధించడంలో గ్లూటాథయోన్ అంతా ఖర్చయిపోతుంది. ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు ఎసిటైల్‌సిస్టీన్. మింగిన ఎనిమిది గంటల్లోపు మొదలుపెడితే అది చాలా బాగా పనిచేస్తుంది. ఇక్కడ గమనించవలసిందేమిటంటే, రోగికి ఇస్తున్నది గ్లూటాథయోన్ కాదు, కాలేయం దాన్ని తయారుచేసుకోవడానికి కావలసిన సరుకు.

ఆ సరుకు మామూలు తిండిలో దొరుకుతుంది. సిస్టీన్ కోసం పప్పులు, గుడ్లు, పాలు, చేపలు, మాంసం. డిస్మ్యూటేజ్‌కు రాగి, జింక్, మాంగనీస్ కావాలి. గ్లూటాథయోన్‌తో పెరాక్సైడ్‌ను అణిచే ఎంజైముకు సెలీనియం కావాలి. రిడక్టేజ్ నడవాలంటే బి2 విటమిన్, అంటే రైబోఫ్లేవిన్ ఉండాలి. మరి ఇంత మామూలు వస్తువులు ఒంటికి ఎందుకు అందవంటే, మొదటి కారణం పేదరికం. రెండో కారణం పథ్యం.

బాలింత పథ్యం తెలుగు ఇళ్ళలో ఇంకా పోలేదు. పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, కాస్త నెయ్యి పెడతారు. పప్పు తింటే చీము పడుతుందంటారు, గుడ్డు వేడి అంటారు, ఆకుకూర తింటే బిడ్డకు విరేచనాలంటారు, పెరుగు తింటే జలుబంటారు. ఆపరేషన్ అయినవారికీ ఇదే ఆంక్ష. చీము పట్టేది పుండులో చేరిన బాక్టీరియా వల్ల. కందిపప్పుకు దానితో ఏ సంబంధమూ లేదు. పుండు మానడానికి కొత్త కణజాలం కట్టుకోవాలి, దానికి ప్రోటీన్ కావాలి. మానుతున్న పుండులో తెల్లరక్తకణాలు క్రిముల మీదికి కావాలనే సూపరాక్సైడ్ కుమ్మరిస్తాయి, ఆ మంట పక్క కణాలకు తగలకుండా కాపాడే గ్లూటాథయోన్‌కూ ఆ ప్రోటీనే ఆధారం. సరిగ్గా ఆ రోజుల్లోనే పప్పు ఆపేసే ఆచారం పాలిచ్చే తల్లికి రెండు విధాల నష్టం చేస్తుంది. పెద్దవాళ్ళ ప్రేమలో లోపం లేదు. వాళ్ళు చెప్పే కారణంలోనే లోపం ఉంది.

“ఒంట్లో వేడి చేసింది” అన్న మాట ఇంతకంటే గట్టిది. నోటి మూలలు పగిలినా, నాలుక పూసినా, పెదవులు ఎర్రబారి మండినా వేడి చేసిందనే చెబుతారు, సగ్గుబియ్యం జావ కాచి ఇస్తారు. వేడి ఎక్కడ చేసిందని థర్మామీటర్ పెట్టి చూసినవారు లేరు. ఈ లక్షణాలకు పలు కారణాలుంటాయి, వాటిలో ఒకటి రైబోఫ్లేవిన్ లోపం. ఆ లోపాన్ని కొలిచే పద్ధతి మీద ముఖ్యమైన పని హైదరాబాద్‌లోనే జరిగింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన మెహతాబ్ బామ్జీ 1969లో ఒక పరీక్షను ప్రచురించారు. రోగి ఎర్ర రక్తకణాల్లో గ్లూటాథయోన్ రిడక్టేజ్ ఎంత చురుగ్గా ఉందో మొదట కొలుస్తారు. తర్వాత అదే నమూనాకు రైబోఫ్లేవిన్ నుంచి ఏర్పడే సహఎంజైమును పరీక్షనాళికలోనే కలిపి మళ్ళీ కొలుస్తారు. రెండోసారి పని బాగా పెరిగిందంటే ఎంజైము ఒంట్లో ఉన్నా విటమిన్ లేక ఊరికే కూర్చుందన్నమాట. అంటే వేడి చేసిందని చెప్పుకుంటున్న కొందరిలో నిజంగా జరుగుతున్నది, సొంత యాంటీ ఆక్సిడెంట్‌ను తిరిగి తయారుచేసుకునే శక్తి తగ్గడం.

తెల్లగా పట్టిన బియ్యంలో రైబోఫ్లేవిన్ చాలా తక్కువ, సగ్గుబియ్యంలో దాదాపు లేదు. పాలు, పెరుగు, మజ్జిగ, గుడ్డు, ఆకుకూరల్లో బాగా ఉంటుంది. చలవకని మజ్జిగ ఇచ్చిన అమ్మమ్మ వైద్యం ఫలించేది ఇందుకే, అదే అమ్మమ్మ వేడి అని గుడ్డు ఆపితే రోగం ముదిరేదీ ఇందుకే. చలవ, వేడి అనే లెక్క అప్పుడప్పుడూ సరైన జవాబు ఇస్తుంది. ఎప్పుడు ఇస్తుందో ముందుగా చెప్పలేకపోవడమే దానితో చిక్కు.

ఉసిరి సంగతీ ఇలాంటిదే. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనం చేస్తే పుణ్యమన్నారు. ఆదివారం, రాత్రిపూట ఆ కాయ ముట్టరాదన్నారు. విటమిన్ సికి వారం, వర్జ్యం లేవు. పోషకాహార సంస్థ పాత పట్టికల్లో నూరు గ్రాముల ఉసిరిలో 600 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉందని రాశారు. 2017లో వెలువడిన కొత్త పట్టికల్లో అది 252 మిల్లీగ్రాములు. ఉసిరి ప్రకటనల్లో మాత్రం పాత అంకే ఎక్కువగా కనిపిస్తుంది. తక్కువ అంకె తీసుకున్నా నష్టమేమీ లేదు. పెద్దవారికి రోజుకు కావలసింది నూరు మిల్లీగ్రాముల లోపే. మోతాదు పెంచినకొద్దీ పేగు పీల్చుకునే వంతు తగ్గుతుంది, మిగులును మూత్రపిండాలు బయటకు పంపేస్తాయి. ఒక కాయ చాలినచోట పది కాయల సారం తాగితే పదింతల రక్ష ఏమీ రాదు.

ఎక్కువైతే ఎక్కువ మేలు అన్న నమ్మకానికి ఆధునిక శాస్త్రమే కొంత దారి వేసింది. ముసలితనానికి కారణం సూపరాక్సైడ్ లాంటి దుడుకు అణువులేనని డెన్‌హమ్ హార్మన్ 1956లో ప్రతిపాదించాడు. రెండు నోబెల్ బహుమతులు పొందిన లైనస్ పాలింగ్ 1970లో జలుబుకు పెద్ద మోతాదుల్లో విటమిన్ సి వాడమని ఏకంగా పుస్తకమే రాశాడు. మహానుభావుడు చెప్పాడు కాబట్టి నిజమనుకునే అలవాటు ఒక్క మన దేశానిదే కాదు. పళ్ళూ కూరలూ ఎక్కువ తినేవారికి క్యాన్సర్లు తక్కువని సర్వేలు చెప్పాయి. వాటిలోని యాంటీ ఆక్సిడెంట్‌ను తీసి మాత్ర చేస్తే సరిపోతుందన్న ఊహ సహజంగానే పుట్టింది.

ఆ ఊహకు పరీక్ష పెట్టారు. ఫిన్‌లాండ్‌లో పొగతాగే మగవారిని 29,133 మందిని తీసుకుని, కొందరికి బీటా కెరోటిన్, కొందరికి విటమిన్ ఇ, కొందరికి రెండూ, కొందరికి ఉత్తుత్తి మాత్రలు ఐదు నుంచి ఎనిమిదేళ్ళు ఇచ్చారు. 1994లో ఫలితం వచ్చింది. బీటా కెరోటిన్ తిన్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా, 18 శాతం పెరిగింది. అమెరికాలో పొగతాగేవారు, ఆస్బెస్టాస్ కార్మికులు కలిపి 18,314 మంది మీద జరుగుతున్న మరో పరీక్షను 1996 జనవరిలో గడువుకు ముందే ఆపేయాల్సి వచ్చింది. అక్కడ బీటా కెరోటిన్, విటమిన్ ఎ కలిపి తీసుకున్నవారిలో ఆ క్యాన్సర్ 28 శాతం ఎక్కువ. 35 వేల మందికి పైగా మగవారి మీద చేసిన పరీక్షలో విటమిన్ ఇ మాత్రలు తిన్నవారికి ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువని 2011లో తేలింది. ఆహార పదార్థాల యాంటీ ఆక్సిడెంట్ బలాన్ని పరీక్షనాళికలో కొలిచి అంకెలు వేసిన పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన వెబ్‌సైట్ నుంచి తీసేసింది. నాళికలోని అంకెకూ ఒంట్లో జరిగేదానికీ పొంతన లేదని, కంపెనీలు ఆ అంకెలను ప్రకటనలకు వాడుకుంటున్నాయని కారణం చెప్పింది. కొత్త కొత్త పళ్ళ రసాల సీసాలను చుట్టాలతో చుట్టాలకు అమ్మించే వ్యాపారం మాత్రం ఆగలేదు.

ఎందుకిలా జరిగింది? ఆక్సిడెంట్లు, అంటే ఆ దుడుకు అణువులు, పూర్తిగా మలినాలు కావు. తెల్లరక్తకణాలకు అవి ఆయుధం. మిగతా కణాలకు సమాచారం. పుట్టుకతోనే తెల్లరక్తకణాలు సూపరాక్సైడ్ తయారుచేయలేని పిల్లలు మళ్ళీ మళ్ళీ తీవ్రమైన ఇన్ఫెక్షన్ల పాలవుతారు. వ్యాయామంలో కండరాల్లో పుట్టే ఆక్సిడెంట్లే, రక్షణ ఎంజైములను ఇంకా తయారుచేయమని కణాలకు కబురు పంపుతాయి. మైకేల్ రిస్టోవ్ బృందం 2009లో ప్రచురించిన జర్మనీ అధ్యయనంలో యువకులచేత నాలుగు వారాలు వ్యాయామం చేయించారు. సగం మందికి రోజూ 1,000 మిల్లీగ్రాముల విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చారు. మాత్రలు తినని వారిలో ఇన్సులిన్ పనితీరు మెరుగైంది, డిస్మ్యూటేజ్ వంటి ఎంజైముల తయారీ పెరిగింది. తిన్నవారిలో ఆ మేలు కనిపించలేదు. బయటి సాయం లోపలి కబురును మింగేసింది.

కూరల్లో కొన్ని ఈ కబురు పంపే పనే చేస్తాయి. ఆవాలు, క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, బ్రోకలీ ఒకే కుటుంబం. ఎండు ఆవపిండికి పెద్దగా ఘాటుండదు. నీరో ఊటో తగలగానే ముక్కుపుటాలు అదురుతాయి. గింజలో విడివిడిగా ఉన్న పదార్థమూ దాన్ని విడగొట్టే ఎంజైమూ తడిలో కలుసుకోవడం వల్ల ఆ ఘాటు పుడుతుంది. పోపులో చిటపటలాడిన ఆవాలకు అది రాదు, ఎంజైము నూనె వేడికే పోయింది. పురుగుల నుంచి కాపాడుకోవడానికి మొక్క చేసుకున్న విషం ఇది. బ్రోకలీలోని ఇలాంటి పదార్థం సల్ఫొరఫేన్‌ను 1992లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో పాల్ టలాలే బృందం వేరుచేసింది. అది కణాన్ని కాస్త గిల్లుతుంది. దాంతో ఎన్ఆర్ఎఫ్2 అనే ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్ళి గ్లూటాథయోన్ తయారీకి సంబంధించిన జన్యువులను మేల్కొలుపుతుంది. ఆవకాయ దివ్యౌషధమని దీన్ని బట్టి తీర్మానించక్కర్లేదు, అందులో ఉప్పు ఎంతుందో కలిపిన చేతికే తెలుసు. తరిగిన క్యాబేజీని కాసేపు అలా ఉంచి, తర్వాత తక్కువసేపు వండితే ఇలాంటి పదార్థం కొంత మిగులుతుంది.

గ్లూటాథయోన్‌ను నేరుగా రక్తంలోకి ఎక్కించే వ్యాపారం నగరాల్లోని సౌందర్య క్లినిక్కుల్లో సాగుతోంది. పెళ్ళికి ముందు అమ్మాయి తెల్లబడాలన్న పాత పట్టుదల దీనికి గిరాకీ తెచ్చింది. ఎక్కించిన గ్లూటాథయోన్ నిమిషాల్లోనే రక్తంలో సగానికి పడిపోతుంది. చర్మం తెల్లబడటానికి దీని ఇంజెక్షన్‌ను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించలేదు. ఈ వాడకం బాగా ముదిరిన ఫిలిప్పీన్స్‌లో అక్కడి నియంత్రణ సంస్థ 2011లోనే మూత్రపిండాలు, థైరాయిడ్, చర్మానికి ప్రమాదమని హెచ్చరించింది. నలుపు రోగం కాదు కాబట్టి దానికి చికిత్స ఏమిటన్న ప్రశ్న అసలే మిగలకూడదు.

ఒంటి రక్షణను వేగంగా కరిగించేది పొగాకు. సిగరెట్ ఒక్కో దమ్ములో సుమారు పది కోట్ల కోట్ల దుడుకు అణువులు ఉంటాయని రసాయన శాస్త్రవేత్తల అంచనా. ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో పేద స్త్రీలు చుట్టను తిరగేసి, నిప్పు కొస నోట్లో పెట్టుకుని పీలుస్తారు. అడ్డపొగ అనే ఈ అలవాటుతో అంగిట్లో మచ్చలు, క్యాన్సర్ వస్తాయని 10,169 మంది గ్రామీణులను పరీక్షించి 1971లో ప్రచురించారు. పంటినొప్పి పోతుంది, పనిలో చుట్ట ఆరిపోదు అనే మాటలతో తల్లి నుంచి కూతురికి అది సంక్రమించింది. తర్వాత పోషకాహార సంస్థ వైద్యులు ఇలాంటివారికి ఏడాదిపాటు విటమిన్ ఎ, రైబోఫ్లేవిన్, జింక్, సెలీనియం ఇచ్చి చూశారు. ఉత్తుత్తి మాత్రలు తిన్నవారికంటే వీరిలో మచ్చలు బాగా తగ్గాయి. ఫిన్‌లాండ్ ఫలితానికి ఇది విరుద్ధం కాదు. అక్కడ ఇచ్చింది, బాగానే తినేవారికి ఒక్క పదార్థం పెద్ద మోతాదులో. ఇక్కడ తీర్చింది తిండిలోని లోటు. అయితే మాత్రలతో మచ్చ తగ్గినా చుట్ట కొనసాగినంత కాలం దాని కారణం నోట్లోనే ఉంటుంది. ఎర్నాకుళం, భావ్‌నగర్‌లతో పాటు శ్రీకాకుళం జిల్లాలోనూ కలిపి 36 వేల మంది పొగాకు వాడకందారులకు నచ్చజెప్పి మానిపించే ప్రయత్నం చేశారు. ఆ ఫలితాలు 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. మానినవారికి కొత్తగా మచ్చలు రావడం తగ్గింది.