గోడ మీది దేశం, బీరువాలోని బాట

ఈసారి పాత పటాలు సేకరించే వాళ్ళ గురించి రాస్తున్నా.

తిరుపతిలో నాకు తెలిసిన ఒక పెద్దాయన ఇంట్లో హాలు గోడ కనిపించదు. అన్నీ ఫ్రేములు కట్టించిన పటాలే. దేశం ఆకారం మీద నిలబడిన భారతమాత, విజయనగర సామ్రాజ్యం, తిరుత్తణిని కలుపుకున్న విశాలాంధ్ర. ఆయన వేలు పెట్టి చూపించాడు. "చూడు నాయనా, తిరుత్తణి మన చిత్తూరు జిల్లాదే. 1960లో పోగొట్టుకున్నాం." ఆ 'మన'లో నేనున్నానా అని అడగాలనిపించింది. కాఫీ ఇచ్చాడు, తాగి ఊరుకున్నా.

పటాలు దాచడం తప్పు కాదు. హైదరాబాద్ కళాకృతి ఆర్కైవ్స్ వాళ్ళు సేకరించిన పటాలను 2015లో ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. అలాంటివి చూసి నేర్చుకోవాల్సిందే. కానీ ఈ సరుకులో ఎక్కువ భాగం కొలిచి గీసింది కాదు, కోరుకుని గీసింది. 1936లో గాంధీ ప్రారంభించిన కాశీ భారతమాత గుడిలో విగ్రహం లేదు, పాలరాతిలో చెక్కిన అవిభక్త భారత పటమే దేవత. 2023లో కొత్త పార్లమెంటు గోడకు ఎక్కిన పటాన్ని కొందరు నాయకులు అఖండ భారత్ అన్నారు, ప్రభుత్వం అశోకుడి సామ్రాజ్యం అంది. పొరుగు దేశాలు అభ్యంతరం చెప్పాయి. పటం చరిత్ర చెప్పడం మానేసి హక్కు అడిగితే ఇలాగే ఉంటుంది.

మా వడమాలపేట పుత్తూరికీ రేణిగుంటకూ మధ్య ఉంటుంది. విశాలాంధ్ర పటంలో మేం ఆంధ్రులం. మ.పొ.శి. ఉత్తర సరిహద్దు పోరాటం వాళ్ళ పటంలో తిరుమల కొండ దాకా తమిళమే కాబట్టి మేం తమిళులం. చివరికి పటాస్కర్ వచ్చి గ్రామాన్ని యూనిట్‌గా పెట్టి, ఏ ఊళ్ళో ఏ భాష వాళ్ళు ఎక్కువో చూసి గీత గీశాడు. గీతకు అటైనా ఇటైనా మావాళ్ళు చేసేది పక్కోడి చేలో కూలే. కూలికి పిలిచేవాడు ఏ భాషలో కేకేశాడన్నదే తేడా. ఆంధ్ర రాష్ట్రం బిల్లు మీద 1953లో రాజ్యసభలో అంబేద్కర్ లేవనెత్తింది ఇదే. భాషా రాష్ట్రంలో భూమీ అధికారమూ పెద్ద కులాల చేతిలో ఉంటే అంటరానివాళ్ళ గతేమిటని. రెండేళ్ళ తర్వాత భాషా రాష్ట్రాల మీద పుస్తకం రాసి, అందులో తనూ పటాలు వేయించాడు. పటాన్ని పూజించలేదు, దాంతో లెక్క అడిగాడు.

మనమేమీ పత్తిత్తులం కాదు. విద్యార్థిగా ఉన్నప్పుడు నా హాస్టల్ గదిలో కూడా అశోకుడి సామ్రాజ్యం పటం ఉండేది. వాళ్ళ స్వర్ణయుగానికి పోటీగా మనదొకటి. 1917లో బెజవాడ సభలో భాగ్యరెడ్డి వర్మ సారథ్యంలో పంచమ అనే మాట తీసేసి ఆది ఆంధ్ర అని పెట్టుకున్నారు. ఆ మాటకు రాజ్యం అక్కర్లేదు, ఇక్కడ ముందు నుంచీ ఉన్నది మేమే అన్న మాట అది. మా వైపు ఓటరు లిస్టుల్లో ఊరి పేరు పక్కన ఇప్పటికీ ఏఏడబ్ల్యూ అని ఉంటుంది. ఆది ఆంధ్ర వాడ. మన పిల్లల్లో ఎంతమందికి ఆ మూడక్షరాల వెనక కథ తెలుసు?

నా దగ్గరా ఇప్పుడొక పాత పటం ఉంది. ఫ్రేము లేదు. మా రెవెన్యూ గ్రామ పటం జిరాక్సు, మడతల దగ్గర చిరిగింది. దాని కోసం ఆఫీసు చుట్టూ తిరిగి, చివరికి సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టాల్సొచ్చింది. అందులో మా పల్లె నుంచి శ్మశానానికి చుక్కల గీత ఉంది, బాట పోరంబోకు అని. నేల మీదికి పోతే అది మామిడి తోట. మా అవ్వ పోయినప్పుడు పాడె మోసుకుని ఆ తోట కంచె దగ్గర నిలబడి, దారి ఇమ్మని బతిమాలాం. పటం చేతిలో ఉండుంటే బతిమాలేవాళ్ళం కాదు.

2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో డ్రోన్లతో కొత్త పటాలు గీశారు, పాత సర్వే నంబర్ల చోట ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. డ్రోను పై నుంచి ఉన్నదే చూస్తుంది. కంచె ఉంటే కంచె, తోట ఉంటే తోట. నూరేళ్ళ కింద గొలుసు పట్టి కొలిచిన బాట దానికి కనపడదు. పాత పటంతో పోల్చి అభ్యంతరం చెప్పకపోతే ఆక్రమణే రికార్డవుతుంది. డీకేటీ పట్టాలకూ ఇదే ముప్పు. 2023 సవరణకు ముందు 1977 చట్టం ప్రకారం వాటిని అమ్మడం, కొనడం చెల్లేది కాదు. అయినా కాగితాల మీద పట్టా మనది, సాగు ఇంకొకరిది.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, పటాలు సేకరించండి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ ఊరి పాత గ్రామ పటం, ఎఫ్ఎంబీ, అడంగల్ నకళ్ళు అడగండి. ఇవ్వకపోతే రాతపూర్వకంగా అడగండి. ముసలివాళ్ళను వెంటబెట్టుకుని బాట, బావి, చెరువు, సమాధులు ఎక్కడెక్కడున్నాయో నడిచి చూసి గుర్తులు పెట్టండి. ఫోటోలు తీసి నలుగురి ఫోన్లలో దాచండి, ఒక్కరి దగ్గరే ఉంచొద్దు.

మా పల్లెలో వచ్చే ఆదివారం పొద్దున్నే ఆ బాట నడుస్తున్నాం. తోట దగ్గరికి పోయేసరికి ఎండెక్కుతుంది, నీళ్ళు తెచ్చుకోండి.