పదిమంది లెక్కకు లోబడని రోగములు

2025 నవంబరు 21వ తేదీన నాలుగు లేబర్ కోడులు ఒక్కసారిగా అమలులోనికి వచ్చినవి. వానిలో సామాజిక భద్రతా కోడు 1948 నాటి ఉద్యోగుల రాజ్యబీమా చట్టమును తనలో కలుపుకొన్నది. ఇకమీదట ఆరోగ్య రక్షణ ప్రతి కార్మికునికి అందునని కేంద్ర ప్రభుత్వము ప్రకటించుచున్నది. ఇట్టి ప్రకటనలను ఢిల్లీలో కూర్చుండి తూచుట కష్టము. సూరతు నగరపు రింగ్ రోడ్డుపై నిలిచి తూచినచో వాని బరువెంతో తెలియును.

ఆ రోడ్డుకు ఇరువైపుల అంతస్తులపై అంతస్తులుగా వస్త్ర మార్కెట్లు ఉన్నవి. హైదరాబాదు మదీనా సెంటరులోనో, విజయవాడ వస్త్రలతలోనో మన ఆడపడుచులు బేరమాడి కొను సిల్కు చీరె పెక్కుసార్లు అక్కడి నుండి మూట కట్టుకొని వచ్చినదే. ఆ గుడ్డను నేయువారిలో, మోయువారిలో, మడత పెట్టువారిలో ఒరిస్సా, ఉత్తరప్రదేశ్ సోదరులతోపాటు మన తెలుగువారును ఉన్నారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాలలో చేమగ్గము చితికిన నాడు బయలుదేరిన పద్మశాలి కుటుంబములు లింబాయత్, ఉధనా ప్రాంతములలో తరతరములుగా స్థిరపడినవి. సూరతు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమములో బడులు నడుపవలసి వచ్చినదన్నచో ఆ జనసంఖ్య ఎంతటిదో పాఠకులే ఊహించుకొనవచ్చును.

వీరిలో రాజ్యబీమా కార్డు ఎవరికి గలదు? పదిమంది లేక అంతకు మించి పనిచేయు సంస్థకు మాత్రమే ఈ బీమా తప్పనిసరి. పాత చట్టములోని ఆ పది అంకెను కొత్త కోడు అట్లే నిలిపినది. (ప్రమాదకరములని ప్రభుత్వము ప్రకటించు పనులలో ఒక్క కార్మికుడున్నను వర్తించునని ఒక మినహాయింపు చేర్చిరి. సాంచా నడుపుట ఆ జాబితాలోనికి వచ్చునని మేము ఆశించుట లేదు.) సూరతులో ‘ఖాతా’ అని పిలుచు సాంచాల షెడ్డులోనికి పోయి చూడుడు. ఒకే కప్పు క్రింద ఆడుచున్న సాంచాలు కాగితముపై అన్న పేర, తమ్ముని పేర, భార్య పేర విడిపోయి ఉండును. ఒక్కొక్క పేరున తొమ్మిదిమందికి మించి కనబడరు. హాజరు పుస్తకము ఉండదు. మీటరు లెక్కన కూలి, పన్నెండు గంటల షిఫ్టు, చేతికి నగదు. పోయిన నెల ఏ ఖాతాలో పనిచేసినాడో నిరూపించుకొనుటకు కార్మికుని వద్ద చీటీ ముక్కయైనను ఉండదు. ఇక పన్నెండవవాడు, పదమూడవవాడు ఎక్కడినుండి లెక్కకు వత్తురు? పైగా ఫ్యాక్టరీ అనబడుటకు విద్యుచ్ఛక్తి గలచోట పదిమంది చాలునన్న నిబంధనను వృత్తి భద్రతా కోడు ఇరువదికి పెంచినది. ఒక కోడు ఒక చేత్తో చూపిన తలుపును మరియొక కోడు మరియొక చేత్తో మూయుచున్నది.

రాజ్యబీమా లేకపోవుట వలన పోవునదేమో మన సభ్యులలోనే అనేకులు సరిగా ఎరుగరు. ఆసుపత్రి మంచము ఒక్కటే కాదు. రోగియై పనిలోనికి పోలేని దినములకు కూలిలో 70 శాతము, సంవత్సరమునకు 91 దినముల వరకు చెల్లింతురు. పనిలో చేయి నలిగినచో 90 శాతము. ప్రసవమునకు 26 వారములు. కార్మికుడు పనిలో మరణించినచో ఆధారపడినవారికి నెలనెలా భత్యము. జ్వరము మాత్ర మొదలు పెద్ద శస్త్రచికిత్స వరకు కుటుంబమంతటికి వైద్యము. ఇందుకు 15,000 రూపాయల జీతగాడు నెలకు చెల్లించునది 112 రూపాయల 50 పైసలు. యజమాని చెల్లించునది 487 రూపాయల 50 పైసలు. 2019 జూలైకి పూర్వము ఇదే జీతముపై ఇద్దరును కలిసి 975 రూపాయలు చెల్లించెడివారు. నాడు రేటు తగ్గించుట వలన కార్మికునికి 150, యజమానికి 225 మిగిలినవి. భారము తగ్గినచో యజమానులు తామై ముందుకు వచ్చి పేర్లు నమోదు చేయింతురని అప్పుడు చెప్పిరి. లింబాయత్ సందులలో ఆ ఉత్సాహము మాకు కానరాలేదు. 2025 జూలై 1న రాజ్యబీమా సంస్థ పాత బకాయిలు అడుగకుండ కొత్త నమోదులు చేసికొనుటకు ఒక పథకమును ప్రారంభించినది. తప్పించుకొన్న సంవత్సరములను మాఫీ చేసినారు. అది యజమానికి లాభమే. ఆ సంవత్సరములలో జబ్బుపడినవాని అప్పును మాఫీ చేయువారెవ్వరు?

దుకాణదారుని సంగతి వేరు. రింగ్ రోడ్డు మార్కెట్లలో పది అడుగుల కొట్టులో ఇద్దరు గుమాస్తాలను, ఒక మూటల కూలీని పెట్టుకొన్న చిన్న వ్యాపారిని పెద్ద మిల్లు యజమానితో ఒకే గాట కట్టుట న్యాయము కాదు. అతనికిని ఏ రాజ్యబీమా లేదు. 2025 ఫిబ్రవరిలో అదే రోడ్డుపై శివశక్తి మార్కెట్టు తగులబడి వందలాది దుకాణములు బూడిదయైనవి. దుకాణదారుడే వీధిన పడిన నాడు గుమాస్తాకు జీతమెవరిత్తురు, వైద్యమెవరు చేయింతురు? 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియముపై 18 శాతము జి.ఎస్.టి.ని పూర్తిగా తొలగించినారు. ఇది మంచి పని. అట్లని చెప్పుటకు మేము సంకోచింపము. ఇరువది వేల ప్రీమియము కట్టు కుటుంబమునకు 3,600 రూపాయలు మిగులును. అయితే మినహాయింపు వ్యక్తిగత, కుటుంబ పాలసీలకే పరిమితము. అదే వ్యాపారి తన పనివారందరికి కలిపి సామూహిక పాలసీ తీసికొన్నచో 18 శాతము కట్టవలసినదే. చట్టము నిర్బంధింపని బీమా గనుక ఆ పన్నును తన ఖాతాలో తిరిగి జమ చేసికొను వీలును లేదు. తన ఇంటికి కొన్నచో పన్ను లేదు, పనివానికి కొన్నచో పన్ను! ఇట్టి లెక్క ఏ కలము నుండి వెలువడినదో గాని, చిన్న యజమానిలో మిగిలియున్న కొద్దిపాటి దయాగుణమునకు ఇది శిక్ష వంటిది. బీమా కంపెనీలు తాము చెల్లించిన పన్నులకు ఇప్పుడు జమ పొందజాలవు గనుక, ఆ మొత్తమును మూల ప్రీమియములో కలుపకుండ కనిపెట్టుటయు అవసరము.

ఇక ఆయుష్మాన్ కార్డు. 2018 సెప్టెంబరులో ఆరంభమైన ఈ పథకము కుటుంబమునకు సంవత్సరమునకు 5 లక్షల వరకు ఆసుపత్రి చికిత్స ఇచ్చును. గుజరాతు ప్రభుత్వము 2023లో తన రాష్ట్రమున దానిని 10 లక్షలకు పెంచినది. 2024 అక్టోబరు నుండి 70 ఏండ్లు నిండినవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ కార్డు ఇచ్చుచున్నారు. పేదవానికి ఇది మేలు చేసినది, కాదనుట మూర్ఖత. కాని మంచమెక్కినగాని ఈ కార్డు పలుకదు. వానకాలపు జ్వరమునకు, సాంచాల హోరున చెవులు మందగించుటకు, దూది ధూళికి పట్టిన దగ్గునకు, నెలనెలా కొను రక్తపోటు మాత్రకు ఇది పనికిరాదు. పోయిన కూలికి ఒక్క పైసా రాదు. అసలు అర్హుల జాబితాకు మూలము 2011 నాటి సామాజిక ఆర్థిక కుల గణన. ఆ నాడు సగము కాలము సిరిసిల్లలో, సగము కాలము సూరతులో ఉన్నవానిని ఏ గడపలో లెక్కించినారో దేవునికే ఎరుక. తెలంగాణ ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగినది. కాని దాని ఆసుపత్రులు ప్రధానముగా తెలంగాణలోనే గలవు. కావుననే ఉధనాలో జబ్బుపడినవాడు రేషను కార్డు పట్టుకొని నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వరంగల్లులో దిగుచున్నాడు. రోగితోపాటు ఇంకొకరి కూలియు పోవును.

రోగము కార్డు అడిగి రాదని సూరతుకు ఎవరును నేర్పనక్కరలేదు. 1994 సెప్టెంబరులో ప్లేగు భయమున లక్షలాది జనము కొద్ది దినములలో ఆ నగరమును విడిచి పారిపోయినారు. మన కార్మిక కుటుంబములును మూటాముల్లె సర్దుకొని రైలెక్కినవి. మరుసటి యేడు నగరపాలక కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్.రావు చెత్త ఎత్తించి, మురుగు తీయించి ఆ నగరపు రూపు మార్చినారు. అప్పుడు పనిచేసినది బీమా కాదు, పారిశుద్ధ్యము. ఈ మాట ఇప్పుడు గుర్తుచేయుటకు కారణము గలదు. వార్డులోని ప్రభుత్వ వైద్యశాలకు ఇవ్వవలసిన ధనమును ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులకు మళ్లించుటయే ఆరోగ్య విధానమను భ్రమ నేడు ప్రబలియున్నది. 1973లో జాతీయమైన సాధారణ బీమా రంగమును 1999 చట్టముతో ప్రైవేటు వారికి తెరచినారు. 2025 డిసెంబరులో విదేశీ పెట్టుబడికి నూటికి నూరు పాళ్లు అనుమతించినారు. లాభము చూపని రోగిని ఆ పెట్టుబడి ఆదరించునని ఎవరైన నమ్మినచో వారి నమ్మకమును మేము పంచుకొనజాలము.

పదిమంది అను హద్దును తొలగించి, ఒక్క కార్మికుడున్న చోటను రాజ్యబీమాను తప్పనిసరి చేయవలెనని మా కోరిక. ఐదుగురికి లోబడిన దుకాణముల విషయములో యజమాని వాటాలో కొంత ప్రభుత్వము భరించవలెను. సామూహిక పాలసీపై పన్ను తీసివేయవలెను. 2017 జనవరిలో 21,000 రూపాయలుగా నిర్ణయించిన వేతన పరిమితిని ధరలను బట్టి సవరింపవలెను. మీటరు లెక్కన పనిచేయువాడు దీపావళి ముందు నెలలో ఆ హద్దు దాటి, తరువాతి నెలలో పదివేలకు పడిపోవును. అర్ధ సంవత్సరము మధ్యలో హద్దు దాటినను ఆ అర్ధ సంవత్సరము ముగియువరకు బీమా నిలుచునన్న నిబంధన ఉన్నది. దీనిని మన సభ్యులకు తెలియజేయుట మన పనియే.

ప్రభుత్వము కదలువరకు చేయదగిన పని ఒకటి గలదు. పదిమందికి లోబడిన సంస్థలోనైనను యజమానియు, కార్మికులలో అధికసంఖ్యాకులును అంగీకరించినచో స్వచ్ఛందముగా రాజ్యబీమాలో చేరవచ్చునని కొత్త కోడు చెప్పుచున్నది. రింగ్ రోడ్డు దుకాణముల గుమాస్తాలకు, హమాలీలకు ఇది వెంటనే అందుబాటులో నున్న మార్గము. ఖాతాల విషయములో మొదటి మెట్టు హాజరు చీటీ. తేదీ, షిఫ్టు, మీటర్లు, ముట్టిన కూలి కార్మికుడే ఒక నోటు పుస్తకములో తెలుగులో వ్రాసికొని, ప్రక్కవాని సంతకము పెట్టించుకొనవలెను. ఒకే కప్పు క్రింది నాలుగు పేర్ల పుస్తకములను ఒకచోట చేర్చినప్పుడు తొమ్మిదిమంది ముప్పదియారుగురు అగుదురు. ఆ పుస్తకములను రాజ్యబీమా ఇన్‌స్పెక్టరు ముందుంచు బాధ్యతను సూరతు శాఖ స్వీకరించవలెనని, లింబాయత్‌లో వారమునకు ఒక సాయంకాలము తెలుగు వచ్చినవారు కూర్చుండి దరఖాస్తులు నింపి పెట్టవలెనని కోరుచున్నాము.