దానమా, ఆదానమా?

2010 జనవరి 12న సంభవించిన భూకంపం హైతీ రాజధానిని ధ్వంసం చేసింది. మూడు వారాలైనా గడవకముందే, అమెరికా నుండి సేవార్థమై వచ్చిన పదిమంది బాప్టిస్టు క్రైస్తవులు 33 మంది పిల్లలను సరైన పత్రాలు లేకుండా డొమినికన్ రిపబ్లిక్‌కు తరలించబోయి సరిహద్దులో పట్టుబడ్డారు. అనాథలను రక్షిస్తున్నామన్నారు. కాని ఆ పిల్లలలో అత్యధికులకు తల్లిదండ్రులు సజీవులై ఉన్నారు. చదువు లభిస్తుందన్న ఆశతో బిడ్డలను స్వయంగా అప్పగించినవారూ వారిలో ఉన్నారు. అపహరణ అభియోగం చివరకు నిలువలేదు. ధర్మప్రశ్న మాత్రం నిలిచే ఉంది.

ఆ యాత్రికులలో కరుణ లేదనడం అన్యాయం. కాని కొద్దిదినాల యాత్రలో ఒక జాతి భాష గాని, దుఃఖం గాని అవగతం కాదు. తానే రక్షకుడననే భావన అహంకారానికి సూక్ష్మరూపం.

భగవద్గీత పదునేడవ అధ్యాయం దానాన్ని మూడు విధాలుగా విభజించింది. ప్రత్యుపకారం కోరక, దేశకాలపాత్రాలు ఎరిగి ఇచ్చేది సాత్త్వికం. ఫలాపేక్షతో ఇచ్చేది రాజసం. అవజ్ఞతో ఇచ్చేది తామసం. మతాంతరీకరణను ఫలంగా ఆశించే సేవ రాజసమే. పేదరికమే అనాథత్వమని భావించి, తల్లి ఉన్న బిడ్డను తరలించడం దానమే కాదు, ఆదానం.

ఈ ప్రమాణం పరులకు మాత్రమే పరిమితం కాదు. అన్నదానవేళ ఆకలిగొన్నవాని ముఖాన్ని ఛాయాచిత్రంలో బంధించే హిందువుకూ ఇదే వర్తిస్తుంది. శ్రద్ధతో, లజ్జతో ఇవ్వాలని తైత్తిరీయోపనిషత్తు బోధిస్తున్నది. ఆ లజ్జ పుచ్చుకొనేవానిది కాదు, ఇచ్చేవానిది.