టెలిస్కోప్ ఒక్కటే చాలదు.. కోడింగ్ కూడా రావాల్సిందే!

నక్షత్రం ముందు నుంచి గ్రహం వెళ్తే వెలుగు రవ్వంత తగ్గుతుంది. కెప్లర్ టెలిస్కోప్ డేటాలో ఇలాంటి సిగ్నల్స్ వేలల్లో ఉన్నాయి. అన్నీ మనుషులే చూడాలంటే అయ్యే పని కాదు. అందుకే గూగుల్ ఇంజనీర్ క్రిస్టఫర్ షాల్యూ, ఖగోళ శాస్త్రవేత్త ఆండ్రూ వాండర్‌బర్గ్ 15 వేల సిగ్నల్స్‌తో మెషీన్‌కు ట్రైనింగ్ ఇచ్చారు. 670 నక్షత్రాల పాత డేటాను మళ్లీ జల్లెడ పడితే.. ఎవరి కంటా పడని కెప్లర్-90ఐ గ్రహం దొరికింది! 2017 డిసెంబర్‌లో నాసా ప్రకటించింది. దీంతో కెప్లర్-90 చుట్టూ మన సౌర కుటుంబంలాగే 8 గ్రహాలని తేలింది.

అసలు మెలిక ఇక్కడే ఉంది. ఏది గ్రహమో, ఏది కాదో గుర్తించి మెషీన్‌కు నేర్పింది మనుషులే. చివర్లో నిర్ధారించిందీ వాళ్లే. ఆ కోడ్, డేటా ఇప్పుడు అందరికీ ఫ్రీ. ఫిజిక్స్ స్టూడెంట్స్‌కు ఇది మంచి ఛాన్సే. కానీ ఫిజిక్స్ రాకుండా కోడింగ్ ఒక్కటే వస్తే.. దొరికింది గ్రహమో, లోపమో తేల్చేదెవరు?