దూడకి బర్త్ సర్టిఫికెట్ ఉందా?

లేగదూడల ప్రదర్శన ఎప్పుడైనా చూశారా? రీల్స్‌లో కాదు, నిజంగా వెళ్లి? పశుసంవర్ధక శాఖ వాళ్లు ఊళ్లో స్కూలు గ్రౌండ్‌లోనో, పంచాయతీ ఆఫీసు ముందో టెంటు వేస్తారు. పొద్దున్నే దూడల్ని శుభ్రంగా కడిగి, మెడలో గంట కట్టి, నుదుట బొట్టు పెట్టి తీసుకొస్తారు. దూడల కంటే వాటిని పట్టుకున్న పిల్లలే ఎక్కువ గెంతుతుంటారు. డాక్టర్లు ఒక్కోదాన్నీ చూసి, బాగా పెరిగిన వాటికి బహుమతులిస్తారు.

భద్రాచలం దాటాక అడవి అంచున ఉన్న ఒక ఊళ్లో అలాంటి ప్రదర్శనకి ఆ మధ్య వెళ్లాను. తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి, వాళ్ల తాత కలిసి ఎర్రటి పెయ్యదూడని నడిపించుకుంటూ వచ్చారు. దూడ నిగనిగలాడుతోంది. అక్కడున్న వాటిలో మొదటి మూడింట్లో ఉంటుందని చూసిన వాళ్లందరూ అనుకున్నాం.

“ట్యాగ్ నంబరు చెప్పమ్మా” అన్నాడు రిజిస్టర్ దగ్గరున్నాయన.

“ట్యాగ్ వెయ్యలేదు సార్.”

“తల్లి ఆవుది?”

“దానికీ లేదు సార్.”

“మరి ఇదెప్పుడు పుట్టింది?”

అమ్మాయి టక్కున ఫోన్ తీసింది. “వీడియో ఉంది సార్!”

నిజంగానే ఉంది. దూడ లేవబోయి పడిపోవడం, మళ్లీ లేవడం, పక్కన తాత నవ్వు. కింద తేదీ, టైముతో సహా. అందరం తలలు పెట్టి చూశాం. ఆయన కూడా నవ్వాడు. నవ్వి, “బాగుంది తల్లీ. కానీ పోటీలో రాయలేను. చూడ్డానికి అటు పక్కన కట్టేయండి” అన్నాడు.

ఆ పిల్ల ఏమీ అనలేదు. తాత తువ్వాలు భుజాన సర్దుకుని దూడని పక్కకి తీసుకెళ్లాడు. అంతే. పెద్ద గొడవేం జరగలేదు. కానీ ఇంటికొచ్చాక కూడా నాకు ఆ వీడియోనే గుర్తొస్తోంది. ఈ వారం కాలమ్ దాని గురించే.

రూల్ తప్పా?

మొదట నాకూ కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే రూల్‌లో తప్పు కనపడలేదు. వీడియోలో పుట్టింది ఒక ఎర్ర దూడ. టెంటు ముందున్నది ఒక ఎర్ర దూడ. రెండూ ఒకటేనని ఎలా తెలుస్తుంది? ఆ అమ్మాయికి తెలుసు, తాతకి తెలుసు. పుస్తకానికి తెలియాలంటే నంబరు కావాలి.

అసలు ఈ ప్రదర్శనలు పెట్టేది అందాల పోటీ కోసం కాదు. కృత్రిమ గర్భధారణతో పుట్టిన దూడలు ఎలా ఎదుగుతున్నాయో రైతులకి చూపించడం కోసం. అందుకని దూడ ఎవరిది అనే ప్రశ్నతో పాటు తల్లి ఏది, తండ్రి ఏది, పుట్టింది ఎప్పుడు అనేవి కూడా తేలాలి. ఆవుకి సూది వేసిన రోజు గోపాలమిత్రో, డాక్టరో తేదీ రాస్తారు. వాడిన వీర్యం గొట్టం మీద ఆబోతు నంబరు ఉంటుంది, అదీ రాస్తారు. ఆవు సుమారు 280 రోజులు మోస్తుంది, గేదె 310 రోజులు. సూది తేదీకి ఆ లెక్క కలిపితే దూడ పుట్టిన తేదీ దాదాపు సరిపోవాలి. ఆరు నెలల దూడని నాలుగు నెలలదని చెప్పి చిన్న వాటి మధ్య నిలబెడితే ఈ లెక్కలో దొరికిపోతారు.

మరి అడవి అంచు ఊళ్లలో? ఆవు మందతో పాటు అడవికి పోతుంది. మందలో ఉన్న ఆబోతుతోనే కడుతుంది. సూది లేదు, తేదీ లేదు. దూడ ఎంత బాగున్నా కాగితం మీద అది ఎక్కడి నుంచి ఊడిపడిందో తెలీదు.

నోరు తెరిస్తే వయసు

మన దగ్గర పశువు వయసు చూడటానికి పాత పద్ధతి ఒకటుంది. పళ్లు చూడటం. ఎద్దుల బండలాగుడు పోటీలు చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. సూర్యాపేట జిల్లా మేళ్లచెరువులో శివరాత్రి జాతరకి జరిగే పోటీలయినా, సంక్రాంతికి ఊళ్లలో జరిగేవయినా, విభాగాల పేర్లు వినండి: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన జూనియర్, సీనియర్. క్రికెట్‌లో అండర్-16, అండర్-19 ఉన్నట్టే.

ఆవు జాతికి పైదవడలో ముందు పళ్లుండవు. కింది దవడలో ఎనిమిది ఉంటాయి. మొదట అన్నీ పాలపళ్లే. రెండు, రెండున్నరేళ్లకి మధ్యలో రెండు ఊడి పెద్ద పళ్లు వస్తాయి. మూడేళ్ల ప్రాంతంలో నాలుగు, ఆ తర్వాత ఆరు, సుమారు అయిదేళ్లకి ఎనిమిదీ పూర్తవుతాయి. జాతిని బట్టి, తిన్న మేతని బట్టి కొన్ని నెలలు అటూ ఇటూ అవుతుంది.

ఈ విభాగాలు ఎందుకంటే గెలుపోటముల కోసం మాత్రమే కాదు. లేత కోడెకి ఎముకలు, కీళ్లు ఇంకా గట్టిపడవు. దాని వయసు ఎక్కువ చెప్పి పెద్ద ఎడ్ల పక్కన బండకి కడితే, ఆ అబద్ధం బరువు మోసేది యజమాని కాదు, ఆ కోడె. ఈ పోటీలు ఉండాలా వద్దా అన్నది వేరే చర్చ. ఉన్నన్నాళ్లూ వయసు నిజం చెప్పడం కనీస ధర్మం.

కానీ పళ్ల లెక్కకి ఒక పరిమితి ఉంది. ఏడాది లోపు దూడకి ఉన్నవన్నీ పాలపళ్లే. నాలుగు నెలలదా, ఏడు నెలలదా అని నోరు తెరిచి ఖాయంగా చెప్పడం కష్టం. అంటే దూడల పోటీకి పళ్లు చాలవు, పుట్టిన తేదీ రాసి ఉండాల్సిందే.

చెవికి పన్నెండు అంకెలు

ఆవుల చెవులకి పసుపు ప్లాస్టిక్ బిళ్ల చూసే ఉంటారు. దాని మీద బార్‌కోడ్, 12 అంకెల నంబరు ఉంటాయి. జనం పశు ఆధార్ అంటున్నది దీన్నే. దేశంలో ఇంకే పశువుకీ ఆ నంబరు ఉండదు. 2019 సెప్టెంబరులో గాలికుంటు, బ్రూసెల్లోసిస్ టీకాల జాతీయ కార్యక్రమం మొదలయ్యాక ఈ ట్యాగులు ఊరూరా కనిపిస్తున్నాయి. దూడకి నాలుగు నెలలు నిండాక గాలికుంటు టీకా, పెయ్యదూడలకి నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య బ్రూసెల్లోసిస్ టీకా వేస్తారు. ట్యాగ్ వేసి, నంబరు కింద యజమాని పేరు, జాతి, వయసు, టీకా వివరాలు కంప్యూటర్‌కి ఎక్కిస్తారు. ఇప్పుడు ఈ సమాచారమంతా ‘భారత్ పశుధన్’ అనే జాతీయ వ్యవస్థలోకి వెళ్తోంది. రైతుల కోసం ‘1962’ పేరుతో యాప్ కూడా వచ్చింది.

ఇలాంటివి మన దగ్గరే అనుకోకండి. అమెరికాలో 4-హెచ్ అని పిల్లల క్లబ్బులున్నాయి. అక్కడి మనవాళ్ల పిల్లలు కూడా కొందరు చేరుతుంటారు. ఆ పిల్లలు దూడనో, గొర్రెనో, పందినో పెంచి జిల్లా స్థాయి ఫెయిర్‌లో చూపిస్తారు. అయితే ఫెయిర్ రోజు తీసుకెళ్తే కుదరదు. చాలా చోట్ల కొన్ని నెలల ముందే ట్యాగ్ నంబరుతో సహా నమోదు చేయించాలి. గడువు దాటితే ఎంత మంచి దూడయినా బయటే. 2024 నవంబరు 5 నుంచి అక్కడ ఇంకో నిబంధన వచ్చింది. ప్రదర్శనల కోసం రాష్ట్రం దాటే పశువులకి కొత్తగా వేసే అధికారిక ట్యాగు కంటితోనూ, ఎలక్ట్రానిక్ రీడర్‌తోనూ చదవగలిగేలా ఉండాలి. ఎక్కడయినా సూత్రం ఒకటే. పోటీ రోజుకి అర్హత పుట్టదు. దూడ పుట్టిన రోజు నుంచే అది మొదలవుతుంది.

అడవి అంచు కష్టాలు

సరే, రూల్ మంచిదే. మరి ఆ అమ్మాయి తప్పా? అదీ కాదు.

టీకాల బృందం ఊళ్లోకి వచ్చేసరికి పొద్దెక్కుతుంది. అప్పటికి మంద అడవిలో ఉంటుంది. వానాకాలంలో వాగు పొంగితే బృందమే రాలేదు. ఎలాగో ట్యాగ్ వేయించినా, ముళ్ల పొదల్లో దూరి మేసే పశువుకి చెవి చిరిగి బిళ్ల ఊడిపోతుంది. ఊడిందని చెప్పి కొత్తది వేయించి, పాత నంబరు స్థానంలో కొత్త నంబరు ఎక్కించాలని ఎంతమందికి తెలుసు?

పైగా ఇది సరిహద్దు. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కి వెళ్లాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంది, పక్కనే ఎటపాక ఆంధ్రాలో. ఇంకాస్త పోతే ఛత్తీస్‌గఢ్. పొద్దున ఒక రాష్ట్రంలో కట్టు విప్పిన ఆవు మధ్యాహ్నానికి ఇంకో రాష్ట్రంలో మేస్తుంది. దానికి బోర్డులు చదవడం రాదు కదా. తప్పిపోయిందనుకోండి, ఎవరి ఆవో తేల్చేది చెవిలో నంబరే. ఏ రాష్ట్రంలో చూసినా అదే నంబరు.

వరద సంగతి చెప్పక్కర్లేదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత నీళ్లు రావడం అదే. 2022–26 కాలానికి కేంద్రం పెట్టిన విపత్తు సాయం నిబంధనల్లో పాడి ఆవుకి, గేదెకి 37,500 రూపాయలు, దుక్కిటెద్దుకి 32,000, దూడకి 20,000 అని ఉంది. కొట్టుకుపోయిన దూడ మనదేనని చూపించాలంటే రాసిపెట్టిన నంబరు ఎంతో సాయపడుతుంది. బీమాకైతే ఇంకా కచ్చితం. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రీమియంలో రైతు వాటాని 15 శాతానికి తగ్గించింది. డబ్బు తక్కువే. కానీ ట్యాగ్ లేకపోతే క్లెయిమ్ కష్టం.

ఇంకో మాట. భద్రాచలం నుంచి గోదావరి వెంట కిందికి వెళితే కూనవరం దగ్గర శబరి కలుస్తుంది. శబరి మీదుగా పైకి వెళితే సీలేరు కలిసే చోట, ఒడిశాలో మోటు అనే ఊరుంది. ఆ ఊరి పేరుతోనే ‘మోటు’ అనే పశుజాతి జాతీయ స్థాయిలో నమోదయింది. చిన్న ఒళ్లు, గట్టి కాళ్లు, కొండవాలు పనికి పెట్టింది పేరు. ఈ సరిహద్దు ఊళ్లలో మనం ‘ఏదో నాటు ఆవులే’ అని తేలిగ్గా అనేసే వాటిలో ఎన్ని ఆ జాతివో ఎవరు చూశారు? పశువుల్ని ఒక్కొక్కటిగా రాసుకుంటే కదా మన దగ్గర ఏముందో తెలిసేది. ప్రదర్శనల్లో కూడా నాటు దూడలకి వేరే విభాగం ఒకటి పెడితే అడవి అంచు పిల్లలకీ ఒక చోటు దొరుకుతుంది. ఇది నా కోరిక.

ఫోన్ మీ చేతిలోనే ఉంది

ఇది చదివే వాళ్లలో ఇంట్లో పశువులున్న వాళ్లు చాలామందే ఉంటారు. తాతకి ఆవు గురించి అంతా తెలుసు, ఫోన్ గురించి తెలీదు. మీకు ఫోన్ తెలుసు. ఇద్దరూ కలవండి. దూడ పుట్టిన రోజే తేదీ రాయండి. వీడియో తీస్తే తల్లి చెవి ట్యాగ్ కూడా కనపడేలా తీయండి. ఆ పిల్ల వీడియోలో లేనిది అదొక్కటే. దూడ ఒంటి మీద మచ్చలు, సుడులు, తోక కుచ్చు రంగు కనపడేలా రెండు వైపులా ఫొటోలు తీయండి. సూది వేయించినప్పుడు ఆ చీటీ పారేయకుండా ఫొటో తీసి పెట్టుకోండి. టీకాల వాళ్లు వచ్చే రోజు ముందే కనుక్కుని ఆ ఒక్క పూట మందని ఆపమని కాపరికి చెప్పండి. ట్యాగ్ వేశాక రికార్డులో మీ పేరు, దూడ వయసు సరిగ్గా పడ్డాయో లేదో అక్కడే అడిగి చూడండి. పశువుకి ఒంట్లో బాలేకపోతే 1962కి ఫోన్ చేసినప్పుడు కూడా ఆ నంబరు చేతిలో ఉంటే మంచిది.

చివరగా ఆ రోజు సంగతి. బహుమతులయిపోయాక డాక్టరు గారే ఆ పెయ్య దగ్గరికి వచ్చారు. వీడియో ఇంకోసారి చూసి, దూడని తడిమి, వయసు సరిపోతుందన్నారు. సంచిలోంచి పనిముట్టు తీసి, చెవిలో నరాలు తప్పించి మధ్యలో టక్‌మని ట్యాగ్ వేశారు. దూడ ఒక్క గెంతు గెంతింది. అమ్మాయి ఆ పన్నెండు అంకెలూ ఫోన్‌లో టైప్ చేసుకుంది.

“వచ్చే ఏడాది పోటీకి తీసుకొస్తా సార్” అంది.

“అప్పటికి ఇది పెద్దదయిపోతుందమ్మా. లేగదూడ కాదు.”

ఆ పిల్ల ఒక్క క్షణం ఆలోచించింది. “అయితే దీని దూడని తెస్తా. దానికి తల్లి నంబరు ఉంటుందిగా?”

ఉంటుంది. రెండు మూడేళ్లు పడుతుంది, అంతే.