చెవిలో దాగిన దవడ

"మనిషి కోతి నుండి పుట్టాడటగా, మరి మీ తాత కోతేనా?"

డార్విన్ పేరెత్తగానే మన కాలేజీ వరండాల్లో వినవచ్చే మొదటి ప్రశ్న ఇది. అడిగినవాడు నవ్వుతాడు, విన్నవాళ్ళు నవ్వుతారు, చర్చ అక్కడితో సరి. పరిణామవాదాన్ని సమర్థించే మిత్రులు సైతం ఆ కోతి తోకనే పట్టుకుని వేళ్ళాడుతుంటారు. జంతుశాస్త్ర విద్యార్థిగా నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కోతి దగ్గర మొదలుపెట్టడమే ఈ చర్చకు పట్టిన దౌర్భాగ్యం. కథ అంతకన్నా చాలా పాతది. దాని సాక్ష్యం మన చెవిలో వుంది, మన గోదావరి లోయలో వుంది.

ముందుగా ఒక చిన్న పని చేయండి. కణత మీద వేలు పెట్టి పళ్ళు గట్టిగా బిగించండి. వేలి కింద కండ ఉబ్బుతుంది కదూ! ఆ కండ చెంప ఎముక వెనుక సందు గుండా దిగి కింది దవడను పట్టుకుంటుంది. ఆ సందే ఒకనాడు పుర్రెలో కంటి వెనుక వుండిన రంధ్రం. సుమారు 32 కోట్ల సంవత్సరాల క్రితం వెన్నెముక గల నేల జంతువుల్లో ఒక వంశం రెండు పాయలుగా చీలింది. ఒక పాయలో బల్లులు, పాములు, మొసళ్ళు, డైనోసార్లు, పక్షులు వచ్చాయి. కంటి వెనుక ఒక్కొక్క రంధ్రమే వున్న రెండో పాయ సినాప్సిడ్లు. ఏనుగు, గబ్బిలం, తిమింగలం, మనం — అందరం ఈ రెండో పాయ వాళ్ళమే.

కాబట్టి "సరీసృపాల నుండి క్షీరదాలు పుట్టాయి" అని బట్టీ పట్టే వాక్యం ఈనాడు నిలవదు. బల్లి మనకు తాత కాదు, దాయాది. బొమ్మల దుకాణంలో డైనోసార్లతో కలిపి అమ్మే, వీపు మీద తెరచాప వున్న డైమెట్రోడాన్ చూశారా? అది డైనోసారే కాదు. డైనోసార్లు పుట్టడానికి కోట్ల సంవత్సరాల ముందే అంతరించిన సినాప్సిడ్. డైనోసార్లకన్నా మనకే దగ్గర చుట్టం!

ఇక చెవి సంగతి. మన మధ్య చెవిలో మూడు చిన్న ఎముకలున్నాయి. కూటకం, దాగలి, అంకవన్నె అని ఇంటర్లో చదువుకున్నాం. బల్లికి చెవిలో ఒక్కటే ఎముక. మరి మనకు తక్కిన రెండూ ఎక్కడివి? 1837లోనే జర్మన్ శాస్త్రజ్ఞుడు రైకర్ట్ పిండాలను పరిశీలించి జవాబిచ్చాడు. బల్లికి దవడ కీలుగా పనిచేసే రెండెముకలే మనకు కూటకం, దాగలి అయ్యాయి. డార్విన్ గ్రంథం వెలువడింది 1859లో. అంటే సాక్ష్యం సిద్ధాంతంకన్నా ముందే వచ్చి కూర్చుంది!

"బాగానే వుంది, దవడ కీలు చెవిలోకి పోతుంటే మధ్యకాలంలో ఆ జంతువు ఎలా తిన్నది?" అని ఎదురు ప్రశ్న వేయవచ్చు. న్యాయమైన ప్రశ్నే. జవాబు రాళ్ళలో దొరికింది. వేల్స్ దేశపు మోర్గానుకోడాన్ అనే చిట్టి జంతువుకు దవడ కీళ్ళు రెండున్నాయి, పాతదీ కొత్తదీ పక్కపక్కనే. కొత్త ఇల్లు కట్టేదాకా పాత ఇంట్లోనే కాపురమన్నమాట. 2007లో చైనా నుండి ప్రకటించిన యానోకోనోడాన్ శిలాజంలో చెవి ఎముకలు ఇంకా దవడను వదలలేదు. ఇంతకన్నా స్పష్టమైన దస్తావేజు ఏ కోర్టు అడుగుతుంది?

ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చినది మరొకటి. ఇది విజేతల కథ కాదు. ఒకప్పుడు నేల మీద పెద్ద జంతువులంటే సినాప్సిడ్లే. సుమారు 25 కోట్ల సంవత్సరాల క్రితం వచ్చిన మహావినాశంలో వాటిలో అధికభాగం తుడిచిపెట్టుకుపోయాయి. మిగిలిన వంశం డైనోసార్ల రాజ్యంలో ఎలుకంత, చుంచంత రూపాలతో, ఎక్కువగా చీకట్లో పురుగులు ఏరుకుని బ్రతికింది. ఆ చీకటి బ్రతుకులోనే చెవి పదునెక్కిందని శాస్త్రజ్ఞుల భావన. 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం డైనోసార్లు పోయాక గాని మనవాళ్ళకు పగటి వెలుగులో చోటు దొరకలేదు. పరిణామం మెట్లెక్కడం కాదు, మనిషి పై మెట్టు మీద కూర్చున్న మహారాజూ కాదు. పుట్టుకతో ఎక్కువ తక్కువలు లెక్కించే మన సమాజం ఈ పాఠం వినవలసిన అవసరం లేదంటారా?

ఇదంతా విదేశీ వ్యవహారమనుకోకండి. ప్రాణహిత–గోదావరి లోయలో, నేటి తెలంగాణ ఉత్తరాన, ఎర్రపల్లి, మలేరి అనే ఊళ్ళ పేర్లు ప్రపంచ శాస్త్రగ్రంథాల్లో శిలల పేర్లయ్యాయి. ఎర్రపల్లి శిలల్లో దొరికిన కోరల సినాప్సిడ్‌కు 1970లో వాడియాసారస్ అని పేరుపెట్టారు. అది మన సూటి తాత కాదు, పెదతాత వరస. మలేరి శిలల్లోని ఎక్సెరెటోడాన్ మరింత దగ్గరి బంధువు. వాటికన్నా పైన వున్న కోటా శిలల్లో దొరికిన పన్ను ఆధారంగా 1981లో కోటాథీరియం హాల్డేనీ అనే తొలినాటి క్షీరదాన్ని ప్రకటించారు. పేరులోని హాల్డేన్, ఇంగ్లండు వదిలి వచ్చి భారత పౌరుడైన జీవశాస్త్రజ్ఞుడే. అవే కోటా శిలల డైనోసార్, కోటాసారస్, హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో నిలబడి వుంది. పిల్లలూ పెద్దలూ వెళ్ళి నోరు తెరిచి చూస్తారు. చూడవలసిందే. కాని అదే కాలంలో దాని కాళ్ళ సందున తిరిగిన మన చిట్టి చుట్టం సంగతి ఎందరికి తెలుసు?

ఇలాంటి దేశంలో 2023లో ఎన్.సి.ఇ.ఆర్.టి. పదో తరగతి సైన్సు పుస్తకం నుండి పరిణామ పాఠాన్ని తొలగించారు. చదువు భారం తగ్గించడానికే అన్నారు. 1,800 మందికి పైగా శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు బహిరంగ లేఖతో నిరసించారు. పన్నెండో తరగతిలో పాఠం వుందిగా అంటారు. వుంది, బయాలజీ తీసుకున్నవాళ్ళకు! లెక్కలకో కామర్సుకో పోయినవాడు తన చెవి చరిత్ర తెలియకుండానే పట్టభద్రుడు కావాలా? భారం తగ్గించాలంటే తీసేయవలసింది బట్టీని, పాఠాన్ని కాదు.

మన వంతుగా చేయగలిగింది కూడా వుంది. యూనియన్ ఏటా వేడుకలకు పెట్టే ఖర్చులో కొంత తీసి సైన్సు, ఆర్ట్స్ తేడా లేకుండా విద్యార్థులను గోదావరి లోయకు తీసుకుపోవాలి. రాయి ఏరుకురావడానికి కాదు, చూసి రావడానికి. జంతుశాస్త్ర విభాగం బల్లి పుర్రె, కుక్క పుర్రె పక్కపక్కన పెట్టి ఒక్క గంట మాట్లాడితే చాలు, వంద పేజీల నోట్సు చేయలేని పని జరుగుతుంది.

మిత్రులారా, ఇకమీదట ఎవరైనా "మీ తాత కోతా?" అంటే కోపం తెచ్చుకోకండి. "కోతి నిన్నమొన్నటి చుట్టం బాబూ, అసలు కథ చెబుతాను, కణత మీద వేలు పెట్టు" అనండి. వాడు మీ మాట వింటున్నంతసేపూ ఆ పాత దవడే వాడి చెవిలో పనిచేస్తూ వుంటుంది.